జూలూరుపాడు సుశీలమ్మ

సుశీలమ్మ చచ్చిపోయిందని చెప్పడానికి మహిమకు అర నిమిషం కూడా పట్టలేదు. "పోయిన నెల పోయింది చెల్లె. నిద్రలనే పోయింది" అంది. ఆ మాట నోట్లోంచి వెళ్ళిపోయాక ఎదురుగా నిలబడ్డ పిల్ల మొహం చూడలేక, ఆసుపత్రి మంచం కింద ఉన్న ప్లాస్టిక్ చెంబు వైపు చూసింది. శ్రావణి ఏడవలేదు. చేతిలో ఉన్న తువ్వాలను నాలుగు మడతలు పెట్టింది, విప్పింది, మళ్ళీ మడిచింది. "నిద్రలనేనా అక్కా? బాధపడలేదు గద?" అని అడిగింది. "లేదు." "మీరేమైతరు ఆమెకు?" "మేనకోడల్ని." "అవ్, మీ మాట గూడ ఆమె రాసినట్లనే ఉన్నది" అని, మహిమ చెయ్యి పట్టుకుని ఒకసారి గట్టిగా నొక్కి వదిలేసింది. "మొఖం కడుక్కొని, డిశ్చార్జి కాయితం తీస్కొని వస్త. మా నాయన లేస్తే జర నీళ్ళు తాపుండ్రి" అని వార్డు చివరి నల్లా వైపు నడిచింది. వెనక నుంచి చూస్తే పదిహేడేళ్ళ పిల్లలా ఉంది. ఇరవై రెండని మహిమకు తెలుసు. పుట్టిన రోజు కూడా తెలుసు.

చచ్చిపోయిందని చెప్పు, చచ్చినోళ్ళను ఎవరు నిలదీస్తరు, అన్నాడు జకర్యా సార్, నిన్న సాయంత్రం ఖమ్మం ఆఫీసులో, టీని సాసర్లో పోసుకుని ఊదుకుంటూ. మేనకోడలినని చెప్పు, ఆ పిల్లతోటి కాయితం మీద సంతకం పెట్టించుకొని రా, నీకన్నా మంచిగ ఎవరు మాట్లాడతరు ఆమెతోటి అని కూడా అన్నాడు. అది నిజమే, ఆయన చెప్పినవాటిలో నిజం అదొక్కటే. జూలూరుపాడులో సుశీలమ్మ అనే రిటైర్డు టీచరు లేదు, ఎప్పుడూ లేదు. షుగరు తగ్గిస్తుందని చేదుమూలి పొడి డబ్బాలు అమ్మే కంపెనీలో, కిటికీ పక్కన మూడో కంప్యూటర్ ముందు కూర్చునే మహిమే సుశీలమ్మ. రెండేళ్ళుగా ఇంటర్నెట్టులో, తెలుగువాళ్ళు రోగాల గురించి చెప్పుకునే ఒక సైటులో, యాభై ఎనిమిదేళ్ళ ముసలి టీచరై, నా షుగరు ఎట్లా తగ్గిందో చెప్తా వినండి బిడ్డలారా అని రాస్తూ వచ్చింది. కంపెనీ జీతగత్తెనని ఒక్కసారి, ఒక్క ముక్క, ఎక్కడా రాయలేదు. రాస్తే ఎవరు చదువుతారు?

ఇనుప స్టూలు ఒక కాలు పొట్టి. కదిలినప్పుడల్లా టక్కున చప్పుడవుతోంది, మంచం మీద ముసలాయన కనురెప్పలు అదురుతున్నాయి, అందుకని మహిమ కదలకుండా కూర్చుంది. కదలకుండా కూర్చుంటే చూపు అటే పోతోంది. దుప్పటి ఆయన కుడి కాలు మీద గట్టులా పొడవునా లేచి ఉంది, ఎడమ వైపు మాత్రం మోకాలు దాటగానే ఉన్నట్టుండి పడిపోయి మంచానికి అంటుకుపోయింది. చూడకు. గోడ చూడు. గోడ మీద బల్లి. ఫినాయిలు వాసన, దాని కింద ఇంకో వాసన, అది ఆమెకు తెలిసిన వాసనే, సత్తుపల్లిలో వాళ్ళ నానమ్మ గదిలో ఆరు నెలలు ఉన్న వాసన. నానమ్మ బొటనవేలు ముందు ఎర్రగా, తర్వాత ఊదాగా, తర్వాత నేరేడు పండులా అయింది. అమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని కట్టు మార్చేది, నానమ్మేమో పొద్దుగాల లేవంగనే బిడ్డా, నా వేలు ఇంక ఉన్నదా చూడు అని నవ్వేది, ఆ నవ్వు, ఆ బిడ్డా అనే పిలుపు, ప్రతి మాటకూ ముందు ఆగి ఊపిరి తీసుకునే తీరు. అవే కదా సుశీలమ్మకు ఇచ్చింది. నానమ్మ చచ్చిపోయింది, సుశీలమ్మకు మాత్రం నయమైపోయింది. రాస్తున్నప్పుడు ఎంత బాగుండేది, నానమ్మ లేచి నిలబడి వాకిట్లో ముగ్గు పిండి పట్టుకుని తిరుగుతున్నట్టు, వేళ్ళు పదీ ఉన్నట్టు. అబద్ధం రాస్తున్నానని అప్పుడెప్పుడైనా అనిపించిందా? అనిపించింది. అనిపించినా చేతులు ఆగలేదు, ఎందుకంటే బాగా వస్తోంది.

సాక్ష్యం చెప్పడం చిన్నప్పటి నుంచీ వచ్చు. చర్చిలో శుక్రవారం ప్రార్థన కూడికలో ఒక్కొక్కరే లేచి, దేవుడు తమ కష్టం ఎట్లా తీర్చాడో చెప్పేవాళ్ళు. ముందు కష్టం చెప్పాలి, ఏ రోజు, ఏ ఊళ్ళో, ఏ డాక్టరు ఏమన్నాడు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాలి. తర్వాత అనుమానం, నాకు కూడా నమ్మకం లేకుండె అని. తర్వాత మార్పు. చివర మీరు కూడా నమ్మండి. పన్నెండేళ్ళకే మహిమ ఇతరుల సాక్ష్యాలు రాసి పెట్టేది, చదువు రాని ఆడవాళ్ళు ఆమె రాసింది బట్టీ పట్టి చెప్పి తామే ఏడ్చేవాళ్ళు. సంఘ పెద్దగా ముందు వరసలో కూర్చునే జకర్యా సార్ అది చూశాడు. డిగ్రీ అయ్యాక పిలిచి ఉద్యోగం ఇచ్చాడు. మొదటి రోజే, గా కూడికల రాసినట్లు రాయి తల్లీ, అంతకంటె ఏమొద్దు అన్నాడు. అప్పుడు అమ్మ ఇంట్లో పాయసం చేసింది, దేవుడు నీ చేతికిచ్చిన వరం వృథా పోలేదని తలమీద చెయ్యి పెట్టింది. అమ్మకు ఇప్పటికీ మహిమ ఆఫీసులో ఉత్తరాలకు జవాబులు రాస్తుందని మాత్రమే తెలుసు. అదీ నిజమే.

పోయిన ఎండాకాలం హైదరాబాదు పెద్దాఫీసు నుంచి ఒక కాయితం వచ్చింది. కంపెనీ సరుకు గురించి నెట్టులో ఎక్కడ మాట్లాడినా, నేను ఈ కంపెనీ ఉద్యోగిని అని ముందుగా చెప్పి తీరాలి, మారు పేర్లతో రాయకూడదు అని. జకర్యా సార్ అందరినీ నిలబెట్టి చదివి వినిపించాడు. ఒక్కొక్కరే సంతకం పెట్టారు, పక్క కుర్చీ స్తుతి పెట్టింది, మహిమ పెట్టింది, మ కింద గీత కూడా గీసింది. మహిమకు గుండె తేలికయింది, ఇంక సుశీలమ్మను ఆపేయమంటారు అనుకుంది, ఆపేస్తే శ్రావణికి ఏమని రాయాలో కూడా ఆలోచించుకుంది. సార్ కాయితాలు ఫైల్లో పెట్టి, మూసి, "సంతకాలైనయ్ గద, ఇగ ఎవరి పని వాళ్ళు చేస్కోండ్రి" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. స్తుతో, తనో. ఆ మధ్యాహ్నమే సుశీలమ్మ ముగ్గురికి జవాబులు రాసింది.

శ్రావణి మొదటి ఉత్తరం ఇంగ్లీషు అక్షరాలతో వచ్చింది. మాట తెలుగు, అక్షరాలు ఇంగ్లీషువి, తప్పులతడక. చర్ల మండలాఫీసులో రోజుకూలీ మీద కంప్యూటర్ పని చేస్తానని, ఊరు అడవి లోపల ఎనిమిది కిలోమీటర్లని, తల్లి చిన్నప్పుడే పాము కరిచి పోయిందని, నాయన పేరు దూలయ్య అని, తునికాకు ఏరేటప్పుడు కళ్ళు తిరిగి పడితే షుగరని చెప్పారని రాసింది. సుశీలమ్మ జవాబిచ్చింది. తెలుగులో టైపు చేయడం ఎట్లాగో కూడా నేర్పింది, టీచరు కదా. మొదట నేర్చుకున్న మాట అమ్మా. ఆ తర్వాత రోజూ అమ్మా అనే మొదలయ్యేది. అమ్మా, ఇయ్యాల రోడ్డు మీద పోలీసోళ్ళు ఆపి సంచి మొత్తం వెతికిన్రు, భయమైంది. అమ్మా, మా ఊళ్ళె భూమి పండుగ చేసిన్రు, నీ పేరు చెప్పి ఒక ముద్ద పక్కన పెట్టిన. అమ్మా, మా ఆఫీసుల ఒకాయన నన్ను చేసుకుంటనంటుండు, నువ్వేమంటవ్? మహిమ పొద్దున ఆఫీసుకు రాగానే ముందు ఆ ఉత్తరమే తెరిచేది, సొంత తమ్ముడు హైదరాబాదు నుంచి రాసినవాటికంటే ముందు. ఆ ఒకాయన గురించి రెండు రోజులు ఆలోచించి జవాబు రాసింది, తొందరపడకు బిడ్డా, ఆయన మీ నాయనతో ఎట్లా మాట్లాడతాడో చూడు అని. అది మంచి సలహా. వాడు మంచివాడు కాదని తేలింది. శ్రావణి ఎంత ఏడుస్తూ రాసింది, నువ్వు లేకుంటే నా బతుకేమయ్యేది అమ్మా అని. మహిమ ఆ రోజు బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తానూ ఏడ్చింది.

తర్వాత పుండు ఉత్తరం. ఎడమ కాలి చిటికెన వేలికి పుండయింది, మానడం లేదు, డాక్టరు ఇన్సులిన్ సూది మొదలుపెట్టమంటున్నాడు, రోజుకు రెండు సార్లు, మా ఊళ్ళె కరెంటుండదు, మందు చల్లగ ఉంచాలంట, సూదంటే నాయనకు భయం, ఏం చేయాలి అమ్మా, నువ్వు ఎట్లంటే గట్ల. బయట వాన. కరెంటు పోతుందేమోనని మహిమ తొందరపడింది. చిటికెన వేలు, పుండు, మానడం లేదు. నానమ్మ కాలు కళ్ళ ముందుకు వచ్చింది. రాలేదని ఎవరికి చెప్పినా తనకు తాను చెప్పుకోలేదు. వచ్చింది, స్పష్టంగా వచ్చింది, వాసనతో సహా వచ్చింది. వేళ్ళు మీటల మీద ఆగాయి, ఎంతసేపు, రెండు ఊపిర్లంత. డాక్టరు చెప్పినట్టు చెయ్యి బిడ్డా అని రాస్తే సుశీలమ్మ ఏమవుతుంది? ముందు రాసిన వందల ఉత్తరాలు ఏమవుతాయి? అందుకని రాసింది. నాకూ సూది మొదలుపెట్టమన్నారు బిడ్డా, నేనూ భయపడ్డా, చేదుమూలి పట్టువదలకుండా తాగినా, మూడో వారంలో సూది మాట మరిచిపోయినా. చివర అందరికీ పెట్టే వాక్యమే పెట్టింది, ఎంత కష్టమొచ్చినా పొడి విడువకు. నొక్కింది. వెళ్ళిపోయింది. సుశీలమ్మ ఆ పిల్లకు రాసిన ఆఖరి ఉత్తరం అదే. తర్వాత స్తుతి తెచ్చిన నిమ్మకాయ పులిహోర ఇద్దరూ పంచుకుని తిన్నారు, పల్లీలు బాగా వేగాయని మెచ్చుకుంది కూడా.

స్టూలు టక్కుమంది. దూలయ్య కళ్ళు తెరిచాడు. పసుపు పట్టిన కళ్ళు, ఎక్కడున్నానో వెతుక్కుని, మెల్లగా ఆమె మీద ఆగాయి. ముందు తన భాషలో ఏదో అడిగాడు, ఆమెకు అర్థం కాలేదని తెలిసి తెలుగులో, "ఎవరు బిడ్డా నువ్వు?" అన్నాడు.

"సుశీలమ్మ మేనకోడల్ని."

"ఆయమ్మ రాలే?"

"రాలేదు." చనిపోయిందని రెండోసారి చెప్పలేకపోయింది. చెంబెత్తి నీళ్ళు తాగించింది. గుటక గుటకకూ ఆయన గొంతు కింద ఎముక పైకీ కిందకీ కదిలింది.

"మంచిది ఆయమ్మ" అన్నాడు, పెదాలు తుడుచుకుని. "నా బిడ్డకు తల్లి లేదు. సాయంత్రమైతే చాలు, మా అమ్మ ఇట్ల రాసింది, మా అమ్మ అట్ల రాసిందని నాకు అప్పజెప్పేది. నాకా పొడి పడలే. తాగితే కడుపుల మంట. రెండు సార్లు కక్కుకున్న, బిడ్డకు తెల్వకుంట. ఆమె మొఖం చూసి తాగిన." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. తర్వాత సిగ్గుపడుతున్నట్టు గొంతు తగ్గించి, "బిడ్డా, ఆ కాలు చిటికెనేలు దురద పెడ్తంది. పొద్దటి సంది గిట్లనే. జర గోకుతవా?" అన్నాడు. ఎడమ వైపు చూపించాడు.

లేని కాలు. మహిమ లేచింది. దుప్పటి మంచానికి అంటుకుని ఉన్న చోట, కాలుంటే చిటికెన వేలు ఎక్కడ ఉండేదో అక్కడ, రెండు గోళ్ళతో గోకింది. కింద పరుపు రెక్సిను చప్పుడు చేసింది. "జర కిందికి" అన్నాడు. కిందికి గోకింది. "ఆ. ఆడ్నే." కళ్ళు మూసుకున్నాడు, మొహం విచ్చుకుంది, హాయిగా. ఆమె ఆపలేదు. ఆపితే కళ్ళు తెరుస్తాడు. గోళ్ళ కింద రెక్సిను వేడెక్కింది. పులిహోర, వాన, రెండు ఊపిర్లు, నొక్కిన మీట, ఒక్కొక్కటే వచ్చాయి.

శ్రావణి వచ్చేసరికి అలాగే గోకుతూ ఉంది. కళ్ళు వాచిన ఆ పిల్ల అది చూసి ఆగిపోయింది. "మీరు నిజంగ ఆమె నెత్తురే అక్కా" అంది. మహిమ సంచిలోంచి కాయితం తీసింది. ఏం చేస్తున్నానో తెలియకపోయినా, చేతులు నేర్చుకున్న పని అలవాటుగా చేసుకుపోయాయి. "అత్తమ్మ పేరును కంపెనీ తగాదాల్లోకి లాగుతున్నారు చెల్లె. ఆమె చెప్తే కాదు, మా ఇష్టంతోనే పొడి వాడినమని ఒక సంతకం..." అంది, ఎన్నిసార్లో బస్సులో వల్లించిన మాట. శ్రావణి చదవను కూడా చదవలేదు. మంచం అంచు మీద పెట్టి సంతకం చేసింది. "కాలు పోయిందని, ఒక్కసారి వచ్చి సూడమని నెట్ల అందరికి కనబడేటట్టు రాస్తి. ఆమె తప్పని అననే లేదు. జనం గట్ల అనుకున్నరు. చచ్చిపోయిన మనిషికి మచ్చ రావొద్దు" అంది. కాయితం అందిస్తూ నవ్వే ప్రయత్నం చేసింది.

తర్వాత సామాను సర్దడం మొదలుపెట్టింది. తువ్వాలు, చెంబు, ఎక్స్‌రే కవరు. డాక్టరు ఇచ్చిన సూదులు, ఐసు ముక్కల్లో పెట్టిన మందు సీసా ఉన్న చిన్న డబ్బాను చేతిలో తిప్పి చూసింది. అది తీసుకెళ్ళి పక్క మంచం దగ్గర కూర్చున్న గోరి అనే ముసలావిడకు, "నీ మనుమనికి రాసిన్రు గద పెద్దమ్మా, ఉంచుకో, మాకొద్దు" అని ఇచ్చేసింది. సంచి అడుగు నుంచి చేదుమూలి కొత్త డబ్బా తీసి పైన పెట్టుకుంది.

"అదేంది?" అంది మహిమ. "సూదులు ఇచ్చేస్తున్నవేంది?"

"పొడి మధ్యల పది రోజులు ఆపిన అక్కా, దవాఖానాల ఒద్దన్నరని. గందుకే గిట్లయింది. ఆమె ఆఖరుసారి రాసింది గద, ఎంత కష్టమొచ్చినా విడువకు అని. బతికున్నప్పుడు ఆమె మాట సగం విన్న. ఇప్పుడన్న పూరాగ వింట."

దూలయ్య కుడి కాలు దుప్పటి బయటకి వచ్చి ఉంది. బొటనవేలి పక్కన పొక్కు. ఎర్రగా. తర్వాత ఊదాగా, తర్వాత నేరేడు పండులా. రెండేళ్ళలో ఒక్కసారి కూడా రాయని వాక్యం మహిమ నోట్లోంచి ఊడిపడింది. "శ్రావణీ, సుశీలమ్మ లేదు. నేను ఆ పొడి కంపెనీల పని చేస్త. ఆ ఉత్తరాలన్నీ నేనే రాసిన."

శ్రావణి చూసింది. అర్థం కానట్టు. "ఏంది?"

"సుశీలమ్మ నేనే. జూలూరుపాడు అబద్ధం, టీచరు అబద్ధం, షుగరు తగ్గిందనేది అబద్ధం. మా నానమ్మకు షుగరుండె, ఆమె కాలు కుళ్ళి చచ్చిపోయింది. సూది మానొద్దు. నీ కాళ్ళు మొక్కుత, మానొద్దు."

"ఇందాక మేనకోడలంటివి."

"అది కూడ అబద్ధమే."

"సంతకమెందుకు పెట్టించుకుంటివి మరి?"

మహిమ తడబడింది, తడబడ్డ ప్రతి క్షణం ఆ పిల్ల కళ్ళు గట్టిపడుతున్నాయి. భూమి పండుగ నాడు ముద్ద పక్కన పెట్టినవు, పోలీసోళ్ళు సంచి వెతికిన్రు, నిన్ను చేసుకుంటనన్న ఆయన మీ నాయనతోటి ఎట్లా మాట్లాడతడో చూడమన్న, ఇవన్నీ నాకెట్లా తెలుసు మరి, అని ఒక్కొక్కటే గబగబా చెప్పింది. చెప్తుంటే శ్రావణి మొహం తెల్లబోయింది. నమ్మింది అనుకుంది మహిమ.

"మా అమ్మకు రాసిన ఉత్తరాలన్ని కంపెనీల కూసోని సదువుకున్నరా?" అంది శ్రావణి. "మనిషి సచ్చి నెల కాలే. ఆమె లేనే లేదంటవా? సూదులమ్మేటోళ్ళు ఎంతిచ్చిన్రు నీకు?" దూలయ్య మంచం మీద లేవబోయాడు. గోరి లేచి నిలబడింది. మహిమ సంచి పైన ఉన్న డబ్బా లాక్కోబోయింది, శ్రావణి రెండు చేతులా పట్టుకుంది, మూత ఊడి గోధుమరంగు పొడి ఇద్దరి చేతుల మీదా దుప్పటి మీదా ఒలికింది.

నర్సు పరుగెత్తుకొచ్చింది. "ఏమైతంది ఇక్కడ? ఎవరమ్మా నువ్వు?"

"సిస్టర్, ఈ పిల్ల సూది మానేస్తంది, ఆ పొడే ఇస్తంది, మీరన్న చెప్పుండ్రి."

"అది సరే. నువ్వెవరు?"

"ఆ పొడి కంపెనీ మనిషిని" అంది మహిమ.

నర్సు ఆమెను కింది నుంచి పైకి చూసింది. "వార్డుల దాక వచ్చిన్రా అమ్ముకోను? ముందు బయటికి నడువు" అని రెక్క పట్టుకుని గుమ్మం దాటించింది. నర్సు మళ్ళీ లోపలికి వెళ్ళి గోరి చేతిలోంచి సూదుల డబ్బా తీసి శ్రావణి సంచిలో పెట్టి, మానొద్దమ్మా, ప్రాణం పోతది అని రెండుసార్లు చెప్పడం వరండాలోకి వినిపించింది. సరే అంది శ్రావణి. అణకువగా, ఎదిరించడం తెలియని పిల్ల పెద్దవాళ్ళకు చెప్పే సరే.

ఆటో గేటు దగ్గర ఆగి ఉంది. ఇద్దరు మనుషులు దూలయ్యను ఎత్తి వెనక సీట్లో కూర్చోబెట్టారు. ఎండ కళ్ళలో పడుతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మహిమ పరుగున వెళ్ళి ఆటో కడ్డీ పట్టుకుంది. ఏం చెప్పాలో ఇంక ఏమీ మిగలలేదు, ఎంత రాసిన చెయ్యి, ఎంతమందిని నమ్మించిన నోరు, ఇప్పుడు ఒక్క మాట నమ్మించలేక "బిడ్డా" అంది. నానమ్మ అన్నట్టే, ముందు ఆగి ఊపిరి తీసుకుని.

శ్రావణి సంచిలోంచి సూదుల డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టింది. కడ్డీ మీది వేళ్ళను ఒక్కొక్కటే విప్పింది.

"ఆమె ఉండుంటే" అంది, "నిన్ను చెప్పుతోటి కొట్టేది."

ఆటో చర్ల రోడ్డు ఎక్కింది.